గర్భిణికి 24 గంటల నొప్పి వస్తే

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మేము ఎప్పుడు మాట్లాడినా పిల్లల చదువు గురించే మాట్లాడుతూ వచ్చాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం కనుక అది సహజమే. ఈసారి కార్యవర్గం వారు, ఆడవారి ఆరోగ్యానికి సంబంధించి ఏదైనా ఒక్క విషయం తీసుకుని అందరికీ అర్థమయ్యేలా చెప్పమని కోరినారు. మేము డాక్టర్లం కాము. అయితే నాలుగు పుస్తకాలు చదివి, తెలిసినవారిని అడిగి, విషయాన్ని విప్పి చెప్పటం పంతులు చేసే పనే కదా. ఆ పనే ఇక్కడ చేయబోతున్నాము.

మేము ఎన్నుకున్న ప్రశ్న ఇది. కడుపుతో ఉన్న స్త్రీకి అపెండిసైటిస్ వచ్చినప్పుడు, పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి, సన్నని దుర్బిణి గొట్టం లోపలికి పంపి చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్ తల్లికీ బిడ్డకూ క్షేమమేనా?

పరీక్షలో జవాబు చివర రాసే అలవాటు మా పిల్లలకు మాన్పిస్తుంటాము. కనుక మేమూ జవాబు ముందే చెబుతున్నాము. తగిన జాగ్రత్తలతో చేస్తే క్షేమమే. తల్లికీ బిడ్డకూ అసలు శత్రువు ఆపరేషన్ కాదు, ఆలస్యం. ఇక అది ఎలాగో వివరంగా చూద్దాం.

ఈ జబ్బు ఏమిటి?

చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట, పొట్టకు కుడివైపు కింద, వేలంత పొడవున ఒక చిన్న తోక ఉంటుంది. అదే అపెండిక్స్. మన తెలుగు పాఠ్యపుస్తకాలలో దానిని ఉండుకము అని రాస్తారు. ఆ తోక నోరు మూసుకుపోతే లోపల వాచి, చీము పట్టి, చివరకు పగులుతుంది. పగిలితే ఆ చీము, మలినం కడుపంతా వ్యాపిస్తుంది. అమెరికాలో బోస్టన్ నగరానికి చెందిన రెజినాల్డ్ ఫిట్జ్ అనే వైద్యుడు 1886లో ఈ వ్యాధి సంగతి స్పష్టంగా రాసి, త్వరగా ఆపరేషన్ చేసి తీసివేయటమే దారి అని చెప్పినాడు.

మన ఊళ్ళలో పెద్దవాళ్ళు దీనికి పెట్టిన పేరు ఇంకా గొప్పది: ఇరవైనాలుగు గంటల నొప్పి. ఒక రోజు లోపల ఏదో ఒకటి చేయాలి, లేకపోతే మనిషి దక్కదు అని ఆ పేరులోనే హెచ్చరిక ఉన్నది. గడియారం లెక్కన సరిగ్గా 24 గంటలకే పగులుతుందని కాదు. కానీ నొప్పి మొదలైన తరువాత ఒక రోజు దాటేకొద్దీ పగిలే ప్రమాదం పెరుగుతూ పోతుందన్నది వైద్యులు ఒప్పుకునే మాటే.

గర్భిణులలో ఇది మరీ అరుదు కాదు. సుమారు 1,500 మంది గర్భిణులలో ఒకరికి వస్తుందని అంచనా. కాన్పుతో సంబంధం లేకుండా, గర్భిణికి అత్యవసరంగా పొట్ట ఆపరేషన్ చేయవలసి వచ్చే కారణాలలో మొదటిది ఇదే. మన సంఘంలో ఏటా ఎన్ని కాన్పులు జరుగుతున్నాయో, చుట్టాలలో ఎన్ని జరుగుతున్నాయో లెక్క వేసుకుంటే, ఇది ఎప్పుడో ఒకప్పుడు మన గడప కూడా తొక్కే అవకాశం ఉన్నదని తెలుస్తుంది.

గుర్తుపట్టటం ఎందుకు కష్టం?

మామూలు మనిషికి ఈ నొప్పి బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలలో కుడివైపు కిందికి దిగుతుంది. ఆకలి చచ్చిపోతుంది, వాంతి వస్తుంది, కొద్దిగా జ్వరం తగులుతుంది. రక్త పరీక్షలో తెల్లకణాలు పెరుగుతాయి.

కడుపుతో ఉన్న స్త్రీ దగ్గర ఈ గుర్తులన్నీ మనల్ని మోసం చేస్తాయి. వాంతులా? వేవిళ్ళు అంటాము. ఆకలి లేదా? ఈ రోజుల్లో అంతే అంటాము. పొట్ట నొప్పా? నరం పట్టేసింది, బిడ్డ తిరిగింది, ఏడో నెల దాటితే దొంగ నొప్పులు అంటాము. తెల్లకణాలు కూడా గర్భిణికి మామూలుగానే ఎక్కువ ఉంటాయి. 16,000 వరకు ఉన్నా జబ్బు అని చెప్పలేరు. జ్వరం ఒక్కోసారి అసలే ఉండదు.

ఇంకొక చిక్కు ఉన్నది. గర్భసంచి పెరిగేకొద్దీ అపెండిక్స్ తన చోటు నుంచి పైకి జరగవచ్చునని 1932లోనే అమెరికా వైద్యులు ఎక్స్‌రేలు తీసి చూపించినారు. అందువల్ల నెలలు నిండేకొద్దీ నొప్పి కొందరికి పక్కటెముకల దగ్గరగానో, నడుము పక్కనో వస్తుంది. అయితే చాలామందికి ఏ నెలలోనైనా కుడివైపు కిందనే వస్తుందని తరువాతి పరిశీలనలు చెబుతున్నాయి.

మరి ఇంట్లో మనం ఏమి గమనించాలి? మామూలు నొప్పి కాసేపు పక్క మార్చి పడుకుంటే తగ్గుతుంది, వచ్చి పోతూ ఉంటుంది. ఈ నొప్పి విడవదు. గంట గంటకూ పెరుగుతుంది. దగ్గినా, నడిచినా, ఆటో గుంతలో పడినా పోటు పొడుస్తుంది. కుడివైపున ఇలాంటి నొప్పి నాలుగైదు గంటలు విడవకుండా ఉంటే, అది ఏ నెల అయినా సరే, ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడికి వెళ్ళాక అది కాదని తేలితే అల్‌హమ్దులిల్లాహ్, తిరిగి వస్తాము. పోయేది ఆటో ఖర్చే.

ఇంట్లో చేయకూడనివి కూడా చెప్పాలి. గ్యాస్ అని సోడా తాగించటం, కడుపు శుభ్రమవుతుందని ఆముదం పట్టించటం, పొట్ట మీద వేడి కాపడం పెట్టి తోమటం, దుకాణంలో నొప్పి బిళ్ళ తెచ్చి వేయటం. వీటిలో ఆముదం, విరేచనాల మందు మరీ చెడ్డవి. వాచిన అపెండిక్స్ పగలటానికి అవి తోడ్పడతాయి. ఆముదం గర్భసంచిలో నొప్పులు కూడా రేపవచ్చు. దాదీమా, నానీమా చేతి వైద్యం మీద మాకు గౌరవం ఉన్నది. కానీ ఈ ఒక్క నొప్పికి ఇంటి వైద్యం లేదు. ఆసుపత్రికి బయలుదేరాక చాయ్ గానీ, పాలు గానీ ఇవ్వకండి. ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వటానికి కడుపు ఖాళీగా ఉండాలి.

ఆసుపత్రిలో ముందుగా అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తారు. దానివల్ల బిడ్డకు హాని లేదు. అందులో తేలకపోతే, సౌకర్యం ఉన్నచోట ఎం.ఆర్.ఐ. తీస్తారు. అందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. గర్భిణికి సాధారణంగా రంగు మందు ఎక్కించకుండానే తీస్తారు. ఈ రెండూ కుదరక, ప్రాణాపాయం ఉన్నప్పుడు సి.టి. స్కాన్ తీయవలసి వచ్చినా, ఒక్కసారి తీసే స్కాన్‌లోని కిరణాల మోతాదు సాధారణంగా బిడ్డకు హాని చేసే హద్దు కంటే తక్కువే. కిరణాల భయంతో జబ్బును వదిలివేయటం తెలివి కాదు.

రంధ్రాల ఆపరేషన్ కథ

జర్మనీ దేశంలో కీల్ అనే ఊరి విశ్వవిద్యాలయంలో కుర్ట్ జెమ్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన పేగుల డాక్టరు కాదు, స్త్రీల వైద్యుడు. 1980లో ఆయన మొట్టమొదటిసారిగా పొట్ట కోయకుండా, దుర్బిణి గొట్టం ద్వారా అపెండిక్స్ తీసివేశాడు. అప్పుడు ఆయనకు సన్మానం జరగలేదు సరికదా, ఇతనిని వైద్యవృత్తి నుండి తప్పించాలని ఆ దేశపు శస్త్రవైద్యులలో పెద్దలు పట్టుబట్టినారు. పది సంవత్సరాలు తిరిగేసరికి ప్రపంచమంతా ఆ దారి పట్టింది. మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహెమ్‌టన్ ఉద్వాడియా ఇదే పద్ధతిలో పిత్తాశయం తీసి దారి చూపినారు.

అయినా గర్భిణికి మాత్రం ఈ పద్ధతి వద్దనే చాలాకాలం అన్నారు. గర్భసంచికి సూది తగులుతుందేమో, పొట్టలో నింపే గాలి బిడ్డకు కీడు చేస్తుందేమో అని వారి భయం. 1990లో ష్రైబర్ అనే వైద్యుడు గర్భిణులకు ఇలా అపెండిక్స్ తీసిన వివరాలను వైద్య పత్రికలో ప్రకటించాడు. అప్పటినుండి లెక్కలు పోగవుతూ వచ్చాయి.

ఇక్కడ మనవాళ్ళలో ఉన్న ఒక అపోహను ముందు తీసివేయాలి. లాప్రోస్కోపీ అనగానే మన అమ్మీల తరం వారికి ఒకటే గుర్తుకు వస్తుంది. అది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. 1980ల్లో ఊరూరా క్యాంపులు పెట్టి ఇదే గొట్టంతో ఆ ఆపరేషన్లు చేసేవారు. అందుకని "లాప్రోస్కోపీ చేస్తారట" అనగానే "అయ్యో, పిల్లలు పుట్టకుండా చేస్తారా?" అని గాబరా పడేవారు ఇప్పటికీ ఉన్నారు. గొట్టం ఒకటే, పని వేరు. కత్తెర ఒకటే అయినా దర్జీ చేతిలో ఒక పని, మంగలి చేతిలో ఒక పని. అపెండిక్స్ ఆపరేషన్‌లో గర్భనాళాల జోలికి పోరు.

లెక్కలు ఏమంటున్నాయి?

మొదటి పెద్ద లెక్క స్వీడన్ దేశానిది. అక్కడ ప్రతి కాన్పుకూ ప్రభుత్వ రికార్డు ఉంటుంది. 1973 నుండి 1993 వరకు జరిగిన సుమారు 20 లక్షల కాన్పుల రికార్డులు తిరగేసి, గర్భం 4 నుండి 20 వారాల మధ్య పొట్ట ఆపరేషన్ జరిగినవారిని వేరు చేసినారు. గొట్టంతో చేయించుకున్నవారు 2,000కు పైగా, పెద్ద కోతతో చేయించుకున్నవారు 1,500కు పైగా తేలినారు. వారందరికీ అపెండిక్స్ ఆపరేషనే అని కాదు, రకరకాల కారణాలున్నాయి. ఆపరేషన్ లేని గర్భిణులతో పోలిస్తే రెండు గుంపులలోనూ కొంచెం తక్కువ బరువుతో, కొంచెం ముందుగా పుట్టిన పిల్లలు ఎక్కువగా కనబడ్డారు. అవకరాలతో పుట్టటం మాత్రం పెరగలేదు. ఒక గుంపుకూ మరొక గుంపుకూ తేడా లేదు. ఈ ఫలితాలను 1997లో ప్రకటించినారు.

రెండవది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు లెక్క. 2007లో వచ్చింది. 3,133 మంది గర్భిణుల అపెండిక్స్ ఆపరేషన్లు చూసినారు. ఇందులో రెండు సంగతులు తేలాయి. ఒకటి, పగలకముందే తీసినవారిలో 100కి ఇద్దరికి బిడ్డ దక్కలేదు. పగిలి చీము పట్టాక తీసినవారిలో 100కి ఆరుగురికి దక్కలేదు. నెలలు నిండకముందే కాన్పు కావటం కూడా 100కి 4 ఉన్నది 11కు పెరిగింది. అంతకుముందు వైద్యగ్రంథాలలో పగిలిన తరువాత బిడ్డ నష్టం 100కి 20, 30 అని కూడా రాసి ఉన్నది. ఏ లెక్క తీసుకున్నా పగలటమే బిడ్డకు గండం.

రెండో సంగతి, గొట్టంతో చేసినవారిలో బిడ్డ నష్టం కోతతో చేసినవారికంటే ఎక్కువ కనబడింది. ఇది మీ దగ్గర దాచటం న్యాయం కాదు. 2012లో అనేక లెక్కలను కలిపి చూసినప్పుడు కూడా ఆ తేడాయే వచ్చింది. అందువల్ల కొందరు వైద్యులు వెనక్కి తగ్గినారు. అయితే 2019లో 22 పరిశీలనలలోని 4,694 మంది స్త్రీల వివరాలు కలిపి మళ్ళీ చూసినారు. ఆ ఒక్క కాలిఫోర్నియా లెక్కను పక్కన పెట్టి చూస్తే, రెండు పద్ధతుల మధ్య గట్టిగా చెప్పదగిన తేడా ఏమీ లేదు. పాత లెక్కల నాటికి ఈ పద్ధతి కొత్తది. పైగా గొట్టంతో చేయటం తొలి నెలలలోనే ఎక్కువ. తొలి నెలలలో గర్భం నిలవకపోవటం ఏ ఆపరేషన్ లేకపోయినా జరిగేదే. ఇది మనసులో పెట్టుకుని ఆ అంకెలు చదవాలి.

ఈ పద్ధతిలో తల్లికి లాభాలు స్పష్టం. కోత చిన్నది, నొప్పి తక్కువ, నొప్పి మందులు తక్కువ, త్వరగా లేచి నడుస్తుంది, త్వరగా ఇల్లు చేరుతుంది. గర్భిణి కాళ్ళలో రక్తం గడ్డ కట్టే భయం మామూలువారికంటే ఎక్కువ కనుక, లేచి నడవటం చిన్న సంగతి కాదు. లోపల అంతా కంటికి కనబడుతుంది కనుక, అపెండిక్స్ కాక ఇంకేదైనా కారణం ఉంటే అదీ అప్పుడే తెలుస్తుంది. అందుకే ఈ రంగపు అమెరికా శస్త్రవైద్యుల సంఘం, గర్భం ఏ నెలలో ఉన్నా లాప్రోస్కోపీ చేయవచ్చునని తన మార్గదర్శకాలలో చెబుతున్నది. అవసరమైన ఆపరేషన్‌ను గర్భం పేరు చెప్పి నిరాకరించరాదని, ఆలస్యం చేయరాదని అక్కడి స్త్రీవైద్యుల సంఘం 2019లో స్పష్టం చేసింది.

"ఆపరేషన్ లేకుండా మందులతోనే తగ్గించరాదా?" అని మమ్మల్ని ఒకరు అడిగినారు. మంచి ప్రశ్నే. గర్భం లేనివారిలో సూది మందులతో ప్రయత్నించి చూసినారు. 2020లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధనలో, మందులు వాడినవారిలో 10 మందికి సుమారు ముగ్గురికి మూడు నెలల లోపలే ఆపరేషన్ చేయక తప్పలేదు. ఆ పరిశోధనలో గర్భిణులను చేర్చనేలేదు. కనుక గర్భిణి విషయంలో ఆపరేషనే నేటికీ నమ్మకమైన దారి.

బల్ల మీద తీసుకునే జాగ్రత్తలు

క్షేమమే అని మేము ఊరికే అనలేదు, తగిన జాగ్రత్తలతో అన్నాము. అవి ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది.

గర్భిణి వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి, బిడ్డకు వెళ్ళే రక్తం తగ్గుతుంది. అందుకని ఆమెను కొంచెం ఎడమవైపుకు ఒరగబెడతారు. మొదటి రంధ్రాన్ని గర్భసంచి ఎత్తు చూసుకుని, దానికి తగలకుండా పైన చేస్తారు. పొట్టను కొంచెం ఉబ్బించి చోటు చేయటానికి బొగ్గుపులుసు వాయువు నింపుతారు. దాని ఒత్తిడి 10 నుండి 15 మిల్లీమీటర్ల పాదరసం మించకుండా చూస్తారు. ఆ వాయువు తల్లి రక్తంలో ఎక్కువ కలవకుండా, ఆమె వదిలే ఊపిరిని ఒక యంత్రం క్షణక్షణం కొలుస్తుంది. ఆపరేషన్‌కు ముందూ వెనుకా బిడ్డ గుండె చప్పుడు చూస్తారు.

మత్తు సంగతికి వస్తే, ఇందులో మన హైదరాబాదుకు ఒక చరిత్ర ఉన్నది. క్లోరోఫారం మత్తు ఎంతవరకు క్షేమమో తేల్చటానికి 1888లోనూ, 1889లోనూ హైదరాబాదులో రెండు కమిషన్లు కూర్చున్నాయి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించినాడు. ఖర్చు భరించినవారు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆ రోజుల్లోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, రోగులకు మత్తు ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. ఊపిరి ఒక్కటి చూసుకుంటే చాలునని ఆనాటి కమిషన్ తేల్చింది. గుండెను కూడా కనిపెట్టాలని తరువాతి వారు నిరూపించినారు. నేడు ఊపిరి, గుండె, రక్తపోటు, రక్తంలో ప్రాణవాయువు అన్నిటినీ ఏకకాలంలో కనిపెడుతున్నారు. నేడు వాడుతున్న మత్తు మందులు మామూలు మోతాదులో బిడ్డకు అవకరాలు తెచ్చినట్టు రుజువు లేదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. చివరి నెలలలో గర్భసంచి పొట్టంతా ఆక్రమించి ఉంటుంది. గొట్టం తిప్పటానికి చోటు చాలదు. అప్పుడు అనుభవాన్ని బట్టి డాక్టరు కోత పద్ధతే మంచిదని అనవచ్చు. మన ఊరి ఆసుపత్రిలో గొట్టం సౌకర్యం లేకపోవచ్చు. అలాంటప్పుడు "రంధ్రాల ఆపరేషనే కావాలి" అని పట్టుబట్టి, రోగిని మూడు ఊళ్ళు తిప్పటం కంటే, అనుభవం ఉన్న డాక్టరు చేతిలో వెంటనే కోత పద్ధతిలో చేయించటమే మేలు. ఏ పద్ధతి అనేది రెండో ప్రశ్న. ఎప్పుడు అనేదే మొదటి ప్రశ్న.

ఆపరేషన్ అయ్యాక కాన్పు కూడా ఆపరేషనే అవుతుందా అని చాలామంది అడుగుతారు. అవసరం లేదు. అపెండిక్స్ కోసం చేసిన గాట్లు గర్భసంచి మీద పడవు. వేరే కారణం ఏదీ లేకపోతే మామూలు కాన్పే అవుతుంది.

ఆలస్యం ఎక్కడ జరుగుతున్నది?

1908లోనే బాబ్లర్ అనే అమెరికా వైద్యుడు, గర్భిణులకు ఈ జబ్బు వచ్చిన కేసులను పోగుచేసి చూసి, ఇందులో చావులకు కారణం ఆలస్యమే అని రాసినాడు. నూరేళ్ళు దాటినా ఆ మాట పాతబడలేదు. ఆసుపత్రిలో ఆలస్యాలు ఉంటే ఉండవచ్చు. మనం దిద్దుకోగలిగినవి మన ఇంటి ఆలస్యాలు.

మా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి ఉన్నది. తెలివైన పిల్ల. పెళ్ళి చేసినారు. భర్త గల్ఫ్‌లో ఉద్యోగం. అయిదో నెలలో ఒక సాయంత్రం నొప్పి మొదలైంది. రాత్రంతా గ్యాస్ అనుకున్నారు. మర్నాడు పొద్దున ఆసుపత్రిలో డాక్టరు చూసి, ఈ రోజే ఆపరేషన్ చేయాలి అన్నాడు. అత్తమామలు చెడ్డవారు కారు. వారికి భయం. "అబ్బాయితో ఒక మాట చెప్పకుండా ఎలా? బిడ్డకు ఏమైనా అయితే రేపు వాడికి ఏం జవాబు చెబుతాం?" అన్నారు. అక్కడ అతను డ్యూటీలో ఉన్నాడు, ఫోను దొరకలేదు. ఆపరేషన్ చేసేది లేడీ డాక్టరేనా అని మరొక చర్చ. పుట్టింటివారు వచ్చేదాకా ఆగుదామని ఇంకొక మాట. ఫోను దొరికేసరికి రాత్రయింది. "నన్ను ఎందుకు అడుగుతున్నారు? వెంటనే చేయించండి!" అని అతను ఏడ్చినాడట. అప్పటికే అపెండిక్స్ పగిలింది. అమ్మాయి రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. బిడ్డ దక్కలేదు.

ఆ ఇంట్లో ఎవరినీ నిందించటానికి ఇది చెప్పలేదు. ఆ చర్చలన్నీ మన ఇళ్ళలోనూ జరిగేవే. అందుకే చెప్పాము. ఇంకో సంగతి: ఆ రోజంతా అందరినీ అడిగినారు గానీ, ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు.

చట్టం ఏమంటున్నదో వినండి. స్పృహలో ఉన్న, వయసు వచ్చిన స్త్రీ తన ఆపరేషన్‌కు తానే ఒప్పుకోవాలి. ఆమె సంతకం చాలు. 2008లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పులో, సమ్మతి చెప్పగల వయోజనురాలి బదులు కన్నతల్లి ఇచ్చిన సమ్మతి కూడా చెల్లదని చెప్పింది. భర్త ఫోను కోసం, మామగారి సంతకం కోసం ఆగవలసిన అవసరం చట్టంలో లేదు.

మరి షరీఅత్? ప్రాణావసరం వచ్చినప్పుడు, మామూలుగా వద్దన్నది కూడా ఆ అవసరం మేరకు చెల్లుతుందనేది మన ఫిఖ్హ్‌లో ప్రసిద్ధమైన సూత్రం. లేడీ డాక్టరు ఉంటే మంచిదే, అడగండి. లేకపోతే ఉన్న డాక్టరు చేత చేయించండి. ఈ విషయంలో ఎవరికైనా సందేహం ఉంటే, కడుపు పండిందని తెలిసిన రోజుల్లోనే ఆలిమ్ సాబును అడిగి తెలుసుకోండి. ఆపరేషన్ గది గుమ్మం దగ్గర మస్‌అలా మొదలుపెట్టవద్దు. జబ్బుతో పాటు దానికి మందును కూడా అల్లాహ్ దించినాడని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం నేర్పినారు. తవక్కుల్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవటం కాదు.

మనం చేయగలిగినది

చివరగా సంఘానికి మూడు మనవులు.

మొదటిది. గర్భిణి ఉన్న ప్రతి ఇంట్లో ఒక కాగితం రాసి గోడకు అంటించండి. ఆమె రక్తం గ్రూపు, స్కానింగ్ కాగితాలు ఉన్న చోటు, దగ్గరి ఆసుపత్రి, రాత్రివేళ వచ్చే ఆటో అతని ఫోను, వెంట వెళ్ళే ఇద్దరి పేర్లు. 108 అంబులెన్సు నెంబరు కూడా. 2005లో హైదరాబాదులో మొదలైన ఆ బండి ఈ రోజు పల్లెలకు కూడా వస్తున్నది, డబ్బు అడగదు.

రెండవది. దుబాయి, సౌదీ, కువైట్‌లలో ఉన్న మన అబ్బాయిలకు చెప్పండి. బయలుదేరేముందే అమ్మా నాన్నలతో, అత్తమామలతో, భార్యతో ఒక మాట అనండి: "డాక్టరు ఆపరేషన్ అంటే నన్ను అడగవద్దు. నా ఒప్పుదల ఇప్పుడే ఇస్తున్నాను." ఆ ఒక్క మాట ఇంట్లో పెద్దవారి గుండెల మీద నుంచి బరువు దించుతుంది.

మూడవది. సంఘం దగ్గర రక్తదానం చేయగలిగిన యువకుల జాబితా, అత్యవసరానికి కొంత సొమ్ము సిద్ధంగా ఉండాలి. ఆరోగ్యశ్రీ వంటి పథకాలలో ఏ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి రాసిపెట్టుకునే బాధ్యత మన యువజన విభాగం తీసుకోవాలని కోరుతున్నాము. డబ్బు కోసం వెదకటంలో కూడా గంటలు పోతాయి. ఆ గంటలే పగలటానికీ పగలకపోవటానికీ మధ్య తేడా.

తల్లులారా, కోడలు గానీ, కూతురు గానీ "అమ్మీ, కుడివైపు నొప్పి, తగ్గటం లేదు" అని అన్నప్పుడు, "చూద్దాంలే" అనే మాట నోటికి రానివ్వకండి. "పద, చూపించుకుందాం" అనండి. అంతే మేము కోరేది.

 అల్లాహ్ మన ఆడబిడ్డలందరినీ, వారి ఒడిలోకి రాబోయే పసిపాపలనూ చల్లగా చూడాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.